వరదను నిలిపెడి చిన్న మట్టికట్ట

మన పల్లెలయందు చెరువు మంచిచెడ్డలను దానిలో నిలిచిన నీటిని జూచి యెంచుట వాడుక. నిండినచో సంతోషింతుము, ఎండినచో విచారింతుము. సేద్యపు చెరువు విషయమున ఇది న్యాయమే. కాని మట్టికట్టలలో మఱియొక తెగ కలదు. దాని గుణము నిండియుండుటయందు గాక, ఖాళీగా నుండుటయందే యున్నది. పెద్దవాన కురిసిన దినమున వాగునీటిని ఒక్కసారిగా లోనికి దీసికొని, పిమ్మట కొన్ని దినములు మెల్లమెల్లగా క్రిందికి విడుచుటయే దాని పని. వానకు ముందే అది నిండియున్నయెడల ఆ దినమున ఎవరికిని కాపు కానేరదు.

ఈ మాట వినుటకు సులభమే, ఆచరించుట కష్టము. ఎండకాలపు బాధ నెఱిగిన రైతు కండ్లయెదుట నీరు పోవుచుండగా చూచి యూరకుండలేడు. ఆ యాశకును, క్రిందనున్న గ్రామముల క్షేమమునకును నడుమ సంఘము ఎట్లు తగవు తీర్పవలయునో, చిన్న కట్ట యెట్లు బ్రతుకునో, ఎట్లు చచ్చునో విచారించుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

కొంచెము లెక్క

ఒక ఎకరముపై ఒక అంగుళము వాన కురిసినచో 3,630 ఘనపుటడుగుల నీరగును. చదరపు మైలునకు 640 ఎకరములు. అట్టి ఒక చదరపు మైలు మెట్టభూమిపై పెద్దవాన కురిసి, భూమిలో ఇంకినది పోగా రెండంగుళముల నీరు వాగులోనికి దిగినదనుకొందము. మొత్తము నీరు 46,46,400 ఘనపుటడుగులు. ఇది రెండు గంటలలో దిగినచో సెకనుకు సుమారు 645 ఘనపుటడుగుల ప్రవాహము, అనగా 645 క్యూసెక్కులు. చిన్న వాగు గట్లు దీనికి నిలువవు. నీరు పొలములపై బడి పైమన్ను కోసికొని పోవును. ఇసుక మేటలు వేయును.

అదే నీటిని ఒక కట్టవెనుక నాపి రెండు దినములలో సమముగా విడిచినచో సెకనుకు సుమారు 27 ఘనపుటడుగులు మాత్రమే యగును. వాన తగ్గలేదు, నీరు తగ్గలేదు. కాలము పెరిగినది, అంతియే. ఈ నీటినంతయు పట్టుటకు కావలసినది పదెకరముల పల్లములో సగటున పదునొకండడుగుల లోతు లోపుగా నుండు ఖాళీ. ఆ ఖాళీయే కట్టయొక్క ఆస్తి. అది మూడవవంతు ముందే నిండియున్నచో ఆస్తిలో మూడవవంతు పోయినట్లే.

వాషిటా లోయలోని ప్రయత్నము

చెరువులు మనకు ప్రాచీనములైనను, కేవలము వరదను ఆపుటకే రైతుల పొలములలో చిన్న చిన్న మట్టికట్టలను ఒక వాగుమీద వరుసగా కట్టు పద్ధతిని పెద్ద యెత్తున నడపి చూచినవారిలో అమెరికా దేశపు రైతులు ముఖ్యులు. వారి యనుభవము మనకు రెండు విధముల పాఠము: మొదట కట్టుటయందు, పిమ్మట కాపాడుటయందు.

ఆ దేశమున ఓక్లహోమా రాష్ట్రమునందు వాషిటా యను నది కలదు. దాని పరీవాహకము ఎఱ్ఱనేల. వాలుభూములను కొండవాలుమీదుగా నిలువున దున్నుటచేత వానకు పైమన్ను కొట్టుకొని పోయి, వాగులు పూడి, కొద్దివానకే పొంగుట సాగెను. 1934 ఏప్రిల్ నెలలో హామన్ అను గ్రామము సమీపమున రాత్రివేళ వచ్చిన వరదలో 17 మంది మరణించిరి. నదిమీద ఎక్కడనో దూరముగా ఒక పెద్ద ఆనకట్ట కట్టినచో దాని క్రిందివారికి రక్షణ కలుగునుగాని, పైనున్న వాగుల ప్రక్క సేద్యము చేయువారికి ప్రయోజనము లేదని అచ్చటి రైతులును పట్టణపు వర్తకులును వాదించిరి. నీరు పడినచోటనే పని మొదలుపెట్టవలయునని వారి మాట.

1944వ సంవత్సరపు వరద నివారణ చట్టము ఈ పనికై పదునొకండు నదీపరీవాహకములను నిర్ణయించెను. వానిలో వాషిటా యొకటి. 1948 జూలై నెలలో కార్డెల్ పట్టణము సమీపమున క్లౌడ్ క్రీక్ అను వాగుమీద మొదటి కట్ట ముగిసెను. ఈ పద్ధతిలో ఆ దేశమున కట్టిన కట్టలన్నిటికిని ఇదియే పెద్దక్క. పిదప శాండ్‌స్టోన్ క్రీక్ అను ఉపవాగుమీద 24 కట్టలు వరుసగా లేచెను. 1954లో మఱియొక చట్టము వచ్చి ఈ పని దేశమంతటను వ్యాపించెను. నేడు 47 రాష్ట్రములలో ఇట్టివి 11,800కు పైగా నున్నవి; ఓక్లహోమాలోనే 2,100కు పైగా నున్నవి.

ఇందు గమనింపదగిన విషయము లింకను రెండు కలవు. కట్టకు ముందు భూమికి పని చేసిరి: వాలునకు అడ్డముగా దున్నుట, గట్లు వేయుట, బీడులలో గడ్డి పెంచుట. నీటితో మన్ను రాకున్నగాని కట్ట వెనుక పల్లము త్వరలో పూడిపోవును. ఇక రెండవది. ప్రభుత్వము కట్టకు ధనమును, నిపుణులను ఇచ్చెను; భూమిపై హక్కును సంపాదించి యిచ్చుట, కట్టిన పిమ్మట కాపాడుట స్థానిక సంఘముల వంతు. అనేకులు రైతులు తమ పొలమున నీరు నిలుపుకొను హక్కును వెల లేకయే వ్రాసియిచ్చిరి. పొలము వారిదే, వరద దినములలో మాత్రము అది వాగుది.

కట్టలోని మూడు భాగములు

ఇట్టి కట్టకు తలుపులు లేవు. రాత్రివేళ వానలో ఎవడో పోయి ఎత్తవలసిన చక్రము లేదు. అది తనంతట తానే పని చేయును. ఇదియే దాని గొప్పతనము.

మొదటి భాగము కట్ట. రెండవది కట్ట క్రిందుగా పోవు గొట్టము. దాని నోరు పల్లపు అడుగున గాక కొంత యెత్తున నుండును. ఆ నోటికి దిగువ నీరు కొద్దిగా నిలిచి, కొట్టుకొనివచ్చు మన్ను అచ్చట దిగును. పశువులకు నీరు, చేపలు, చుట్టుపట్ల బావులకు ఊట ఈ మడుగువలన కలుగును. రైతు తనదిగా వాడుకొనదగిన వంతు ఇదియే. నోటికి పైనున్న స్థలమంతయు వరదది. నీరు నోటికి జేరగానే గొట్టమున బడి, దాని పొడవున పట్టినంత మాత్రమే క్రిందికి పోవుచుండును.

మూడవ భాగము ప్రక్క అలుగు. దీనినే కొన్ని సీమలలో కలుజనియు, మరవ యనియు, మత్తడి యనియు అందురు. కట్టపై గాక, కట్ట చివర గట్టినేలలో వెడల్పుగా త్రవ్వి గడ్డి పెంచిన దారి యిది. అరుదుగా వచ్చు మహావర్షమునకు మాత్రమే దీనిపై నీరు పారును. పాతికయేండ్లు ఎండియున్నను ఇది వ్యర్థము కాదు. ఇంటికి వేసిన గడియ ప్రతిరాత్రియు దొంగను చూచునా?

మన పెద్దలు చెప్పినది

ఈ విచారము మనకు క్రొత్త గాదు. కడప సీమయందలి పోరుమామిళ్ల చెరువు శాసనము క్రీ.శ. 1369 నాటిది. బుక్కరాయల కుమారుడును, ఉదయగిరినుండి పాలించినవాడునగు భాస్కరుడు, అనగా భవదూరుడు, ఈ చెరువును కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలును, నూఱు బండ్లును పనిచేయగా రెండేండ్లలో ముగిసినదని శాసనము చెప్పుచున్నది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, తప్పింపవలసిన ఆఱు దోషములను అందు చెక్కించిరి. గట్టిమన్ను గల నేల, కొండల నడుమ పొడవుగాని గట్టి కట్ట, లోతును విరివియు గల గర్భము, పనియందు నేర్పరులగు మనుష్యులు సాధనములలోనివి.

ఆఱు దోషములు ఇవి: కట్టనుండి నీరూరుట, చవుడునేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెరువు గర్భము నడుమ తాబేటి వీపువలె మెరక యుండుట, నీరు కొద్దియై ఆయకట్టు విస్తారమగుట, స్థలము కొద్దియై నీరు విస్తారమగుట. ఈ కడపటి దోషమును రెండు మారులు చదువుడు. వచ్చు నీటికి తగిన చోటు లేనిచో కట్ట నిలువదని ఆఱువందల యేబదియేండ్లకు పైగా రాతిపై నున్నది. మూడవ దోషమునకు నేడును అర్థము గలదు: పొలిమేరలో నున్న కట్టను ఈ ఊరివారు ఆ ఊరివారిదందురు, ఆ ఊరివారు ఈ ఊరివారిదందురు. మరమ్మతు మాత్రము ఎవ్వరిదియు గాదు.

మట్టికట్ట ఎట్లు చచ్చును?

నీటి బరువునకు మట్టికట్ట ప్రక్కకు జరిగి పడిపోవుట అరుదు. అది ముఖ్యముగా రెండు విధముల నశించును.

మొదటిది నీరు పైకెక్కి పొర్లుట. మట్టికట్టపై జేనెడు లోతున పొర్లు నీరు బయటి వాలుమీదుగా దిగునపుడు వేగమంది పాదమును కోయును. కోత పైకి ప్రాకి గండియగును. రాతి ఆనకట్ట యోర్చుకొనవచ్చును గాని మట్టి యోర్వదు. 2021 నవంబరు 19న చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి రాజంపేట ప్రాంతపు గ్రామములు వరదపాలయ్యెను, జనులు మరణించిరి. పైనున్న పింఛ జలాశయపు కట్టయు ఆ వానలలోనే తెగెను. 2024 జూలైలో అశ్వారావుపేట మండలమున గుమ్మడవల్లి యొద్దనున్న పెద్దవాగు ప్రాజెక్టు కట్టకు గండిపడి దిగువ గ్రామములు మునిగెను. ఇవి మనము చెప్పుకొనుచున్న కట్టలకంటె పెద్దవి, తలుపులు గలవి. అయినను వరదకు తగిన దారి సకాలమున దొరకనిచో మట్టికి గతి యేమో అవి చూపినవి. గొలుసుకట్టు చెరువులయందు ఈ యపాయము ఇంకను హెచ్చు. పైకట్ట తెగినచో దాని నీరంతయు క్రిందికట్టపై బడును.

రెండవది లోలోపల ఊరుట. ఎలుకబొరియ, పందికొక్కు కలుగు, చెదలపుట్ట, చచ్చిన చెట్టువేరు కుళ్లిన సందు, తూముగోడ ప్రక్క సరిగా దట్టింపని మన్ను, వీనిలో దేనివెంటనైనను నీరు దారి చేసికొనును. ఊట తేటగా వచ్చుచున్నంతకాలము వేచి చూడవచ్చును. బురదగా వచ్చినచో కట్టలోని మన్ను బయటికి వచ్చుచున్నదని గ్రహింపవలయును. అప్పుడు ఊటనోటిలో బంకమట్టి క్రుక్కరాదు; నీరు మఱియొక చోట పగులగొట్టుకొనును. నోటిపై ముందు ఇసుక, దానిపై చిన్న గులకరాళ్లు, దానిపై పెద్దరాళ్లు పరచవలయును. నీటిని పోనిచ్చి మన్నును ఆపుటయే దీని కిటుకు. వెంటనే అధికారులకును, క్రింది గ్రామములకును కబురు పంపవలయును.

కట్టునప్పుడే శ్రద్ధ వహించినచో ఈ బాధ చాలవఱకు తప్పును. మన్నును ఆరంగుళముల పొరలుగా పరచి, ప్రతిపొరను తడిపి దిమ్మిసతోనో రోలరుతోనో దట్టింపవలయును. ప్రతి మన్నునకును బాగుగా బిగియుటకు తగిన తేమ యొకటి కలదని 1933లో ప్రాక్టర్ అను ఇంజనీరు పరీక్షలవలన వివరించెను. రైతు పరీక్ష యిది: పిడికెట బట్టి నొక్కినచో ఉండ కావలయును, అఱచేతికి తడి యంటరాదు. నల్లరేగడి ఎండకు బీటలు వారును గనుక దానిని నడుమనుంచి, పైన ఎఱ్ఱమన్నును, గరపనేల మన్నును వేయుట మేలు. మన్నుకొఱకు కట్ట పాదము దగ్గఱ గోతులు త్రవ్వరాదు.

అలుగుమీది బస్తాలు

ఇపుడు అసలు తగవునకు వత్తము. కార్తులు గడచుకొలది ఆయకట్టు రైతులు అలుగుమీద ఇసుకబస్తాలు పేర్చి ఒక అడుగు నీరు అదనముగా నిలుపుట నేను అనేక గ్రామములలో చూచియున్నాను. "ఒక్క అడుగేగదా, ఏమి మునిగినది?" అని వారందురు. మునుగునదెంతయో లెక్క చూతము.

అలుగుమీద రెండడుగుల లోతున నీరు పారునపుడు అలుగు పొడవులో ప్రతి అడుగునకు సుమారు ఎనిమిదిన్నర క్యూసెక్కులు పోవును. ఒక అడుగు బస్తాలు పెట్టినపిమ్మట చెరువులో నీరు ఆ మట్టముననే యున్నచో, బస్తాలపై పారునది ఒక అడుగు లోతే. లోతు సగమైనందున నీరును సగమగుననుకొందురు. అట్లు గాదు. అడుగునకు మూడు క్యూసెక్కులు మాత్రమే పోవును. అనగా సుమారు మూడవవంతు. మిగిలిన రెండువంతులు ఎక్కడికి పోవును? కట్ట తలమీదికి ఎగబ్రాకును. బస్తాలు వేసినవాడు ఒక అడుగు నీరు సంపాదింపలేదు. వరద పోవు దారిలో మూడింట రెండువంతులు మూసినాడు.

దీనికి ఎదురు తప్పును కలదు. చెరువు శిఖములో దున్నుకొనువారు తమ పైరు మునుగునని రాత్రివేళ అలుగును కోయుదురు. ఒకరు పెంచుటయు, ఒకరు కోయుటయు, ఇరువురును తమ వంతు నీటినే చూచుకొందురు. కట్ట తెగినపుడు నష్టపడువాడు మాత్రము మూడవవాడు. వాని యిల్లు క్రింది ఊరిలో నున్నది. అలుగుదగ్గఱి తగవులో వాడు కూర్చుండలేదు.

కావున ఇది ఒక్కొక్క రైతు తీర్పదగిన విషయము గాదు, సంఘము తీర్పవలసినది. న్యాయమేమనగా, పైవాని పొలము మునిగి క్రిందివాని పొలము తేలుచున్నది. తేలినవాడు మునిగినవానికి ఋణపడియున్నాడు. కట్టవలన రక్షణపొందు పొలములకు ఎకరమున కింతయని యేటేట చందా నిర్ణయించి, దానినుండి మునుకపొలము వారికి నష్టపరిహారమును, కట్టకు మరమ్మతును జరుపవచ్చును. మునుకపొలములో పసరికగడ్డి పెంచినచో నాలుగు దినముల నీటికి చెడదు. పశువులకు మేతయు దొరకును. ఇట్లు చేసినచో బస్తాలు పెట్టుటకును, కోయుటకును కారణమే తగ్గును.

వానకాలమునకు ముందు చేయవలసినవి

1. అలుగు దారిలో మొలచిన సర్కారుతుమ్మ, పొదలు కొట్టివేయవలయును. అడ్డుకంపలు, చేపల కంచెలు ఉంచరాదు.

2. గొట్టపు నోటిదగ్గఱి చెత్త తీసి, చెత్త నాపెడి జల్లెడను బాగుచేయవలయును.

3. కట్టపై చెట్లు పెరుగనీయరాదు. చిన్నగా నున్నపుడే వేళ్లతో పెల్లగించి ఆ చోటు దట్టింపవలయును. గరికయు, వట్టివేరును కట్టకు మేలు చేయును.

4. బొరియలను త్రవ్వి క్రొత్తమన్నుతో నింపి దట్టింపవలయును. పైపైన మూయుట పనికిరాదు.

5. కట్ట తల ఒక్క మట్టముగా నున్నదేమో చూడవలయును. పశువులు దిగి అరిగిన పల్లమునే వరద ముందుగా వెదకును.

6. కట్ట పాదము వెంట నడచి పాత ఊటలకు గుర్తుకొయ్యలు పాతవలయును. క్రొత్త ఊట అప్పుడు గాని తెలియదు.

7. ఇసుక, రాళ్లు, ఖాళీసంచులు, పలుగు పారలు కట్టదగ్గఱ నుంచవలయును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటవలన ఫలము లేదు.

కట్ట ముసలిదగుట

అమెరికా కట్టలనుండి నేర్వవలసిన రెండవ పాఠము మిగిలియున్నది. అచ్చటి తొలికట్టలలో ననేకము ఏబదియేండ్ల వయస్సు నిర్ణయించి కట్టినవి. ఆ గడువు చాలవానికి దాటినది. గొట్టములు త్రుప్పుపట్టెను; మడుగులు పూడెను. అంతకంటె చిక్కైన విషయ మొకటి: కట్ట వరదను ఆపుచున్నదను ధైర్యముతో, ఒకప్పుడు పొలములు మాత్రమేయున్న దిగువభూమిలో ఇండ్లు లేచెను. పొలమునకై కట్టిన కట్ట మనుష్యుల ప్రాణములకు పూటకాపు కావలసివచ్చెను. కట్ట మారలేదు, దానిపై పడిన భారము మారినది. అందుచేత 2000వ సంవత్సరమున చట్టమును సవరించి పాతకట్టల పునరుద్ధరణకు ధనసహాయము ఏర్పఱచిరి. మన పల్లెలలోను అలుగుకాలువను ఆక్రమించి యిండ్లు కట్టుట కలదు. అట్టి యింటివాడు నీటి దారిలో కాపురమున్నాడని సంఘము ముందే చెప్పవలయును.

మన సీమలో పూర్వము కుడిమరామత్తు అను ఆచారముండెను. గ్రామస్థులు తామే చేరి చెరువుపనులు చేసికొనెడివారు. 1858వ సంవత్సరపు మద్రాసు చట్టము, కట్ట తెగు నపాయమందు పనికి రమ్మని జనులను పిలుచు అధికారమును ఉద్యోగుల కిచ్చెను. ఆచారపు పనికి రానివారినుండి ఆ పని వెలకు రెండింతలు రాబట్టవచ్చునని విధించెను. చట్టము భయమున చేయించిన పనిని సహకారసంఘము ఇష్టమున చేయించగలదు. 1997లో ఆంధ్రప్రదేశ్‌నందు నీటివినియోగదారుల సంఘములకు చట్టము ఏర్పడెను. ఆయకట్టు రైతులు ఒకచోట కూర్చుండుటకు దారి గలదు. ఆ కూటములలో దిగువ గ్రామమువారిని గూడ కూర్చుండబెట్టుట మన పని.

సంఘసభ్యులకు ఒక్క సూచన చేసి ముగించెదను. వచ్చు వేసవి సమావేశమునందు, ఇంజనీరు నిర్ణయించిన అలుగు మట్టమును ఒక రాతిపై చెక్కించి అలుగు ప్రక్కనే పాతవలయునని తీర్మానింపుడు. ఆ గీతకు పైగా ఒక్క బస్తాయు ఎవ్వరును పెట్టరాదని, క్రిందుగా ఒక్క గడ్డపారయు వేయరాదని పుస్తకములో వ్రాసి, ఎగువవారును దిగువవారును వ్రేలిముద్రలు వేయవలయును. రాతికి అయ్యెడి వ్యయము స్వల్పము. అది లేనిచో ప్రతి సంవత్సరమును మట్టమును నిర్ణయించువాడు ఊరిలో బలవంతుడు. కొన్ని సంవత్సరములలో మాత్రము వరద.